పదహారో వంతు హెచ్చరిక

పురుగుమందు సీసా మీద అంటించే కాగితానికి మన దేశంలో ఉన్నన్ని నియమాలు చాలా పంచాయతీ ఆఫీసులకు లేవు. కాగితం ముఖం మీద ఒక చదరం ఉండాలి. అది బుద్ధిగా నిలబడకూడదు. 45 డిగ్రీలు ఒరిగి డైమండులా కనిపించాలి. లేబులు ముఖభాగంలో పదహారో వంతుకు తగ్గకూడదు. దాన్ని మధ్యలో కోసి రెండు త్రికోణాలు చేయాలి. పైదాంట్లో మాట, కిందిదాంట్లో రంగు. ఆ రంగైనా ఎవరికి నచ్చింది వాళ్లు పూయడానికి లేదు. ప్రయోగశాలలో ఎలుకలకు పట్టించి చూస్తారు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే సగం ఎలుకలు చస్తే ఎరుపు. 500 లోపైతే పసుపు. 5,000 లోపైతే నీలం. అంతకు మించి పడితేగాని చావకపోతే ఆకుపచ్చ. ఎరుపుకు పుర్రె, ఎముకలు, వాటితో పాటు ‘విషం’. పసుపుకు పుర్రె ఎగిరిపోయి ‘విషం’ ఒక్కటే మిగులుతుంది. నీలానికి ‘ప్రమాదం’. ఆకుపచ్చకు ‘జాగ్రత్త’. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద 1971లో రాసుకున్న నియమాల్లో పందొమ్మిదోది ఈ శిల్పశాస్త్రం.

ఇంత కొలిచి, కోసి, రంగు పూసి పంపిన డైమండు ఖమ్మంలో లారీ దిగుతుంది. కొత్తగూడెం దాటి, భద్రాచలం దగ్గర గోదావరి వంతెన ఎక్కి, దుమ్ముగూడెం, చర్ల దారిలో అడవి అంచున ఒక మిరపతోట గట్టు మీదికి చేరుతుంది. దాన్ని చదవాల్సిన మనిషి అక్కడ లుంగీ పైకి కట్టుకుని సిద్ధంగా ఉంటాడు. మూత తిప్పుతాడు. ఆ మూతతోనే కొలుస్తాడు. డ్రమ్ములో పోసి కట్టెపుల్లతో కలుపుతాడు. పంపు నింపి వీపుకు తగిలించుకుంటాడు. పుర్రె అతణ్ణి చూస్తుంది, అతను పుర్రెను చూడడు. ఎలుక మీద అంత పరిశోధన చేసిన శాస్త్రం మనిషి దాకా వచ్చేసరికి ఒక కాగితం చూపించి చేతులు దులుపుకుంది.

చదవకపోవడం అతని తప్పేనని దుకాణం అంటుంది, కంపెనీ అంటుంది, అవసరం పడితే సర్కారూ అంటుంది. సరే, ఎందుకు చదవలేదో విచారణ జరుపుదాం. లేబులూ, పెట్టెలో మడిచి పెట్టే కరపత్రమూ హిందీలో, ఇంగ్లీషులో, సరుకు అమ్ముడుపోయే చోటి ఒకటి రెండు ప్రాంతీయ భాషల్లో ఉండాలని నియమం. మన దగ్గర ఆ భాష తెలుగు. కానీ ఈ సరిహద్దు మిరపతోటల్లో కూలికి వచ్చేవాళ్లలో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ అడవి పల్లెల గుత్తికోయ ఆదివాసీలు ఎందరో. వాళ్లు ఇంట్లో మాట్లాడేది కోయ. విషం చల్లడానికి వాళ్ల చేతులు పనికొచ్చాయి. విషమని చెప్పడానికి వాళ్ల భాష ఆ ‘ఒకటి రెండు’ లెక్కలోకి రాలేదు. తెలుగు చదవగలిగిన రైతుకైనా ఒరిగిందేమిటి? వంద మిల్లీలీటర్ల సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, కంపెనీ చిరునామా, మూలపదార్థం శాతం, విరుగుడు, హెచ్చరిక అన్నీ ఎక్కించాలి. అదీ మూడు భాషల్లో. ఇక అక్షరానికి మిగిలే చోటెంత? భూతద్దం ఉచితంగా ఇవ్వాలని నియమం రాయడం మరిచిపోయారు. బ్రాండు పేరు మాత్రం రోడ్డు అవతలి నుంచి కూడా కనపడుతుంది. దాని సైజుకు ఎలుకలతో పని పడలేదు.

అక్షరం రానివాళ్ల కోసమే కదా రంగులు పెట్టాం అంటారు పెద్దలు. ఆ రంగుల వరసా చూద్దాం. బిస్కెట్ ప్యాకెట్ మీద చదరంలో ఆకుపచ్చ చుక్క కనపడితే అది శాకాహారమని మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఖమ్మం సెంటర్లో ఆకుపచ్చ దీపం వెలిగితే పొమ్మని అర్థమని ఆటోవాలాకు తెలుసు. దేశమంతా ఆకుపచ్చకు అభయహస్తం నేర్పి, అదే చదరాన్ని కాస్త పక్కకు ఒరగేసి, అదే ఆకుపచ్చ పులిమి, సీసా మీద అంటించి ‘ఇది జాగ్రత్త అని అర్థం’ అంటే జనం ఏమనుకోవాలి? శాకాహార విషమనా? మాంకోజెబ్ లాంటి తెగులు మందులు ఈ ఆకుపచ్చ త్రికోణంతోనే వస్తాయి. ఎలుకల తీర్పులో అవి సాధువులు. అయితే ఆ తీర్పు ఒక్కసారికి ఒంట్లో పడితే ప్రాణం పోతుందా లేదా అన్నంతవరకే. ఏటా సీజనంతా వారానికోసారి ఆ తుంపర్లలో తడిసినవాడికి పదేళ్ల తరవాత ఏమవుతుందో చెప్పడానికి డైమండులో రంగే లేదు.

పారాక్వాట్ సంగతి ఇంకా సొగసు. కలుపును మాడ్చే గడ్డిమందు అది. స్విట్జర్లాండ్ 1989లోనే వద్దంది. ఐరోపా సమాఖ్య 2007లో తలుపేసింది. ఒంట్లోకి పోతే ఊపిరితిత్తులను పట్టుకుంటుంది, దానికి విరుగుడు లేదు. అలాంటి సరుకుకు మన డైమండు ఇచ్చిన హోదా పసుపు. పుర్రె కూడా దక్కలేదు. కారణం, ఎలుక దాన్ని ఎర్రగీత దాటి కొంత మోతాదు వరకు ఓర్చుకుంది. ఎలుక ఓపికకు మనిషి మూల్యం చెల్లించాలన్నమాట.

ఎరుపు కథ మరోటి. అడ్డుకోవాల్సిన రంగే అమ్మిపెడుతోంది. తోటకు పై ముడత వచ్చిన రైతు దుకాణం మెట్లెక్కుతాడు.

“అన్నా, తోటంతా పై ముడత పట్టింది. ఏం కొట్టమంటవ్?”

“మొన్న ఇచ్చింది కొట్టినవా?”

“కొట్టిన. పురుగు కదల్లేదు, మెదల్లేదు. గట్టి మందు ఏదన్నా ఉంటే ఇయ్యి.”

“ఇది తీస్కపో. మొన్నటిది కూడా దీంట్ల కలిపి కొట్టు. ఊరోళ్లందరూ ఇదే కొడుతున్నరు.”

“పైసలు?”

“పంటకు ఇస్తవు గదా, రాసుకుంటలే.”

ఈ సంభాషణ ముగిసేదాకా లేబులు నోరు మెదపలేదు. మెదిపినా వినేదెవరు? డాక్టరు, మందుల షాపు, బ్యాంకు మూడూ ఆ కౌంటరు వెనక ఒకే కుర్చీలో కూర్చున్నాయి. ఉద్దెర ఇచ్చినవాడు చెప్పిన మందు కొట్టకపోతే వచ్చే పంటకు ఉద్దెర పుట్టదు. డీలరుకు వ్యవసాయ జ్ఞానం ఉండాలని హైదరాబాద్‌లోని ‘మేనేజ్’ సంస్థ 2003లో ఒక డిప్లొమా కోర్సు మొదలుపెట్టింది. మంచి పనే. డిప్లొమా గోడకు వేలాడుతుంది, కంపెనీ ఇచ్చిన టార్గెట్టు గల్లాపెట్టె పక్కన కూర్చుంటుంది. రోజూ రైతుతో మాట్లాడేది రెండోదే. ఎర్ర త్రికోణం కనపడగానే ‘ఇది ప్రాణాంతకం’ అని వెనక్కి తగ్గాల్సిన చోట, ‘ఇది గట్టిది’ అని చేయి ముందుకు వస్తుంది. పుర్రె బొమ్మకు ఇంతకంటే మంచి ప్రకటన ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

2021–22లో నల్ల తామర పురుగు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ తోటల మీద పడినప్పుడు ఈ కలిపి కొట్టే విద్య పరాకాష్ఠకు చేరింది. ఒకటి కొడితే చావలేదు. రెండు కలిపారు, మూడు కలిపారు. పూత పోయింది, తోట పోయింది, పురుగు మిగిలింది, దుకాణంలో ఖాతా మిగిలింది. ఇంతకీ ఆ కలిపిన మందుకు లేబులేదీ? ఎరుపు, పసుపు, నీలం ఒకే డ్రమ్ములో కలిపితే ఏ రంగు వస్తుందో బడిలో డ్రాయింగు మాస్టారు చెప్పగలరు. ఎంత విషం వస్తుందో మాత్రం పందొమ్మిదో నియమానికీ తెలియదు, ఎలుకకూ తెలియదు. ఆ పరీక్ష నేరుగా మనుషుల మీదే నడుస్తోంది.

డ్రాయింగు మాట వచ్చింది కాబట్టి ఒక దూరదేశపు ముచ్చట. అమెరికాలో 1988లో బొమ్మలు గీసే రంగులకు, చేతిపనుల సామగ్రికి ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. పిల్లలు గీసుకునే మైనపు కడ్డీ అయినా, అతికించుకునే జిగురైనా దీర్ఘకాలంలో ఒంటికి చెరుపు చేస్తుందేమో విషశాస్త్ర నిపుణుడు చూడాలి. చేస్తుందని తేలితే డబ్బా మీద ఆ మాట రాయాలి. అసలు సంగతి దీని తరవాత ఉంది. అలాంటి ముద్ర పడ్డ సామగ్రిని చిన్న తరగతుల పిల్లల కోసం బడి కొననే కూడదు. అంటే హెచ్చరిక చదివి జాగ్రత్త పడవలసిన పూచీ పిల్లవాడి నెత్తిన పెట్టలేదు. చదవలేనివాడి చేతికి ఆ డబ్బానే రానివ్వలేదు. ఒక మైనపు కడ్డీకి తోచిన ఈ ఇంగితం మన చట్టానికి ఎర్ర త్రికోణం విషయంలో అర్ధ శతాబ్దం దాటినా తోచలేదు.

పిల్లల సంగతి మన లేబులు మరిచిపోయిందనకండి. ‘పిల్లలకు అందకుండా ఉంచండి’ అని ఎంతో ప్రేమగా రాసి ఉంటుంది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఇలాంటివి జరగకూడదనే మందు ఖాళీ డబ్బాలు మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలని నియమం ఉంది. అదీ కాగితం మీదే ఉంది. మన దగ్గరికి రండి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగా ములుగు జిల్లా మిరపతోటల్లో కాయలు కోసే కూలీలు కాలినడకన బీజాపూర్ బయల్దేరారు. వాళ్లలో పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల ఒకతి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాసేపట్లో వస్తుందనగా చనిపోయింది. ఆ పిల్లను చంపింది పురుగుమందు కాదు. కానీ ఆ పిల్ల ఎక్కడి నుంచి నడిచి వస్తోందో గుర్తుంచుకోండి. సీజను పొడుగునా మందు తాగిన తోటలో, కాయ కాయనూ చేత్తో తుంచే పనిలో పన్నెండేళ్ల చేతులున్నాయి. సీసాను పిల్లలకు అందకుండా ఎత్తున పెట్టవచ్చు. పిల్లల్నే తోటలో పెట్టాక ఆ వాక్యం ఎవరి కోసం?

మనిషి సంగతి ఇలా ఉంటే మిరపకాయ యోగం చూడండి. ఖమ్మం యార్డు తేజ మిర్చికి విదేశాల్లో మంచి పేరు. అది ఓడ ఎక్కే ముందు దానికి రక్తపరీక్ష లాంటివన్నీ చేస్తారు. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందు ఏదైనా కిలో కాయలో 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ఐరోపా సమాఖ్య నియమం. అక్కడెవరో కూరలో చిటికెడు కారం వేసుకుంటే ఒంట్లోకి ఎంత పోతుందో నాలుగు దశాంశాల దాకా లెక్క తీస్తారు. ఆ కాయకు మందు కొట్టినవాడి రక్తంలో ఎంత ఉందో లెక్క తీయడానికి ఏ యార్డులోనూ తక్కెడ లేదు. వచ్చే జన్మ అంటూ ఉంటే ఈ అడవి అంచున కూలీగా కన్నా ఎగుమతి నాణ్యత మిర్చిగా పుట్టడం మేలు.

మోనోక్రోటోఫాస్ మాట వదిలేయకూడదు. 2005లో కూరగాయల మీద దాని వాడకం నిషేధించారు. ఆ సంగతి లేబులు మీద రాయించారు. పురుగుకు కూరగాయలేవో, పత్తి ఏదో తెలుసు కాబోలు. మిరప పచ్చిగా కోస్తే కూరగాయ, ఎండబెడితే సుగంధ ద్రవ్యం. మరి చెట్టు మీద ఉన్నప్పుడు ఏమిటో రైతే తేల్చుకోవాలి. బీహార్ పిల్లలు పోయిన పదేళ్లకు, 2023లో, ఎక్కువగా అమ్ముడుపోయే దాని 36 శాతం ద్రవాన్ని కేంద్రం నిషేధించింది. అప్పటికే దుకాణాల్లో ఉన్న సరుకును గడువు తీరేదాకా అమ్ముకోవచ్చని దయతలిచింది. విషానికి గడువు తేదీ ఉంది కదా, మనిషికి లేదు.

ఇప్పుడు తొడుగుల పురాణం. మందు కొట్టేవాడికి రక్షణ దుస్తులుండాలని 1971 నియమాలే చెబుతున్నాయి. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు, ఒళ్లు కప్పే దుస్తులు, ముక్కుకు మాస్కు. చంద్రుడి మీదికి వెళ్లేవాడి సామాను జాబితా ఇది. ఎక్కడ వేసుకోమంటున్నారు? భాద్రపదం ఉక్కపోతలో, నడుం లోతు పత్తిచేలో, పదహారు లీటర్ల పంపు వీపున మోస్తూ. ఎండలకు పేరుమోసిన కొత్తగూడెం చుట్టుపక్కల. ఆ దుస్తులు వేసుకుంటే మందు కంటే ముందు వడదెబ్బ పలకరిస్తుంది. ఈ ముక్క నేను కనిపెట్టింది కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తన పురుగుమందుల ప్రవర్తనా నియమావళిలో ఎప్పుడో రాసింది. ఇబ్బంది పెట్టే, ఖరీదైన, సులువుగా దొరకని రక్షణ సామగ్రి ఉంటేగాని వాడలేని మందులను వేడి దేశాల చిన్న రైతులూ కూలీల దగ్గరికి తేవద్దని దాని సారం. మనం ఆ మందును తెచ్చుకున్నాం. సామగ్రిని కాగితం మీద బొమ్మగా తెచ్చుకున్నాం.

చట్టంలో మరో తమాషా ఉంది, ముప్పై ఎనిమిదో సెక్షన్. తన సొంత సాగులో ఉన్న భూమిలో వాడుకునేవాడికి ఈ చట్టం వర్తించదు. రైతును కేసుల నుంచి కాపాడాలన్న మంచి ఉద్దేశమే కావచ్చు. ఫలితం మాత్రం ఇదీ: దేశంలో ఎక్కువ విషం ఏ పొలం గట్టు దగ్గర విప్పుతారో సరిగ్గా ఆ గట్టు దగ్గరే చట్టం చెప్పులు విప్పి బయట కూర్చుంటుంది. అసలీ చట్టం పుట్టుకే ఒక సీసా కారడం వల్ల. 1958లో కేరళలో ఫోలిడాల్ అనే పురుగుమందు ఓడ సరుకులో ఆహార పదార్థాలతో కలిసిపోయింది. ఆ తిండి తిని వందమందికి పైగా చనిపోయారు. విచారణ సంఘం వేశారు. పదేళ్లకు చట్టం వచ్చింది, పదమూడేళ్లకు నియమాలు వచ్చాయి. అప్పటి నుంచి డైమండు మెరుస్తూనే ఉంది. కొత్త బిల్లు 2008లో ఒకటి పెట్టారు, 2020లో ఇంకొకటి పెట్టారు. చట్టమైంది ఏదీ లేదు. రాష్ట్ర ప్రభుత్వానికి ఒక మందు ప్రాణాలు తీస్తోందని అనుమానం వస్తే ఆపేయవచ్చు, కాదన్నవాళ్లు లేరు. కాకపోతే 60 రోజులు. మరీ బతిమాలితే ఇంకో 30. ఆ తరవాత విషం సెలవు ముగించుకుని డ్యూటీలో చేరుతుంది.

దుమ్ముగూడెం మండలంలోనే పర్ణశాల ఉంది. లక్ష్మణుడు గీత గీసి వెళ్లిన చోటని యాత్రికులకు చూపిస్తారు. గీత గీయడంతో తన పని అయిపోయిందని లక్ష్మణుడనుకున్నాడు. వేషం మార్చి వచ్చేవాడికి గీత అడ్డం కాదని అతనికి తోచలేదు. యుగాలు గడిచినా లోకం అడుగుతున్న ప్రశ్న ఒకటే: గీత ఎందుకు దాటావమ్మా? మన లేబులు అచ్చం ఆ గీతే. గీసినవాడు క్షేమంగా వెళ్లిపోతాడు, దాటినవాడు సంజాయిషీ ఇచ్చుకుంటాడు. 2017లో మన ఆదిలాబాద్ పక్కనున్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు గట్టిగా వినిపించిన మాట ఏమిటి? తొడుగులు వేసుకోలేదు, మాస్కు కట్టుకోలేదు, లేబులు చదవలేదు. చనిపోయినవాడు తిరిగి జవాబు చెప్పడు కాబట్టి ఆ వాదన ఎప్పుడూ గెలుస్తుంది. కాగితం అంటించేది చదివించడానికి కాదు, రేపు కోర్టులో చూపించడానికి. అది హెచ్చరిక కాదు, పూచీ చేతులు మారిందన్నదానికి రసీదు.

రేపు ఈ రసీదును ఆధునికం చేస్తారు. క్యూఆర్ కోడ్ పెడతామంటారు. చర్ల అవతల ఫోను సిగ్నలు కోసం చెట్టెక్కేవాడు ఆ కోడు స్కాను చేసి, వీడియో చూసి, అప్పుడు మందు కొట్టాలి. విషం తగిలితే ‘వెంటనే వైద్యుణ్ణి పిలవండి’ అని ఇప్పటికే రాసి ఉంది. వైద్యుడు పిలిస్తే పలికే దూరంలో ఉన్నట్టు! చర్ల నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి దాదాపు అరవై కిలోమీటర్లు. సరిహద్దు అవతలి పల్లెల వాళ్లూ అక్కడికే రావాలి. ఈ లోపు దారిలో చదువుకోవడానికి విరుగుడు గడిలో ఒక వాక్యం ఉంటుంది: ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేయాలి. ఇంత నిజాయితీగా రాసిన కంపెనీని ఏమనగలం?

అన్నీ వెక్కిరింపులేనా, దారి చెప్పవా అని అడగవచ్చు. నేను చెప్పనక్కర్లేదు. ఈ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే, పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది. పత్తి ఊరు. తొంభైలలో శనగపచ్చ పురుగు మీద మందు మీద మందు కొట్టి, అప్పుల్లో మునిగి, ఒళ్లు గుల్ల చేసుకున్న ఊరు. 1999లో ‘సెక్యూర్’ అనే స్వచ్ఛంద సంస్థ, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడుగా, పురుగుమందు లేకుండా పురుగును అదుపు చేసే పద్ధతులు అక్కడ చెప్పడం మొదలుపెట్టింది. మొదట నమ్మింది కొద్దిమందే. వేపగింజలు దంచి కషాయం తీశారు. పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి చల్లారు. చేలో పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు పెట్టారు. ఎర పంటలుగా ఆముదం, బంతి వేశారు. పక్షులు వాలడానికి కొమ్మలు పాతారు. ఆడవాళ్ల సంఘాలు ముందుకొచ్చాయి. అప్పు ఇంట్లోకి వచ్చినా మందు ఇంట్లోకి వచ్చినా ముందుగా మింగేది తమనేనని వాళ్లకు ఏ లేబులూ చెప్పనవసరం లేకపోయింది. ఖర్చు తగ్గింది, పంట నిలిచింది, దుకాణంలో ఖాతాలు తేలిక పడ్డాయి. 2004 నాటికి పునుకుల పురుగుమందులు లేని ఊరని తనకు తాను ప్రకటించుకుంది. దీన్ని చూసే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని జిల్లాలకు జిల్లాలు పాకించింది. 

పునుకుల చేసిన పనిలో గొప్ప ఇదీ. వాళ్లు లేబులు చదవడం నేర్చుకోలేదు. అక్షరాలు పెద్దవి చేయమని అర్జీ పెట్టలేదు. తొడుగులకు సబ్సిడీ అడగలేదు. సీసానే ఊళ్లోకి రానివ్వలేదు. పదహారో వంతు హెచ్చరికకు బదులు పదహారణాల నిర్ణయం చేశారు. ఏ ఎలుకా చావలేదు.

ఈ దారి అన్ని ఊళ్లకూ అన్ని పంటలకూ ఒక్క రోజులో పట్టదని వ్యవసాయ శాఖ వారు అంటారు. ఒప్పుకుందాం. నల్ల తామర పురుగు మొండిదే. మిరప పెట్టుబడి లక్షల్లో ఉంటుంది, రైతు భయపడతాడు. అయితే ఒక రోజులో పట్టేవి కొన్నున్నాయి, అవి చేయండి. ఒళ్లంతా కప్పుకుంటేగాని ముట్టుకోలేని ఎర్ర, పసుపు త్రికోణాల సరుకును ఒళ్లు కప్పుకోలేని చోట అమ్మడం ఆపండి. అమ్మినంత కాలం తొడుగులూ మాస్కూ సీసాతో పాటే, కంపెనీ ఖర్చుతోనే ఇవ్వాలని రాయండి. ఆ మాట కోయలో పలికే మనిషిని ప్రతి మిరప మండలంలో పెట్టండి, సీజను ముందే తోటల చుట్టూ తిప్పండి. చర్ల, దుమ్ముగూడెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొన్ని పురుగుమందులకు విరుగుడైన అట్రోపిన్ ఎప్పుడూ ఉండేట్టు చూడండి. విషం తగిలిన ప్రతి కేసునూ నమోదు చేయించే అధికారం చట్టంలోని ఇరవై ఆరో సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చింది, దాన్ని వాడండి. అప్పుడు ఏ రంగు ఎందరిని తిన్నదో ఎలుకలను అడగక్కర్లేదు.

రైతన్నలకు ఒక మాట. దుకాణం మెట్లు ఎక్కే ముందు పాల్వంచ దాకా వెళ్లి పునుకుల వాళ్లను అడగండి. కూలీకి పంపు ఇచ్చే ముందు ఆ పంపు మీ కొడుకు వీపున ఉంటే ఏం చేసేవారో అది చేయండి. లేబులు రాసినవాళ్లకు కూడా ఒక మాట. చదవలేనివాడికి రాసిన హెచ్చరిక హెచ్చరిక కాదు. అది రాసినవాడి సాక్ష్యం. ఏ రోజైనా న్యాయంగా విచారణ జరిగితే ఆ కాగితం మీ తరఫున కాదు, మీకు ఎదురుగా నిలబడుతుంది. విషమని మీకు తెలుసని, తెలిసే అమ్మారని అందులో మూడు భాషల్లో రాసి ఉంది.